పట్టేదారు

తెలుగులో పట్టాదారు అంటే భూమికి హక్కుదారు. హిందీ న్యాయగ్రంథాలలో 'పట్టేదార్' అంటే ఆ భూమిని మరొకరి వద్ద లీజుకు పుచ్చుకొన్నవాడు. మాట ఒక్కటే; ఒడ్డు మారేసరికి యజమాని కాస్తా కౌలుదారు అయిపోయినాడు. హిందీలోనుండి తెలుగులోనికి, తెలుగులోనుండి హిందీలోనికి మాటలు మోయడం వృత్తిగా పెట్టుకొన్న నావంటివానికి ఇటువంటి పదాలంటే బెదురు. ఇంతకాలం వీటిని కాగితం మీదనే చూస్తూ వచ్చాను. ఈ మధ్య అటువంటి మాట ఒకటి ప్రాణం పోసుకొని మా ఇంటి ముంగిట వచ్చి నిలిచింది. దానికి నాలుగు చక్రాలున్నవి.

అది హ్యుందాయ్ వారి ఐ20 ఎన్ లైన్ అనే చిన్న కారు. నేను పనిచేసే సంస్థ ఉద్యోగులకోసం చేసిన ఏర్పాటు ప్రకారం ఒక లీజు కంపెనీ దానిని కొని, 48 నెలల గడువుకు నాకు అప్పగించింది. నెలనెలా జీతంలోనుండి అద్దె మినహాయిస్తారు. ఆదాయపు పన్నులో ఇంజను 1.6 లీటర్లకు లోపడితే ఒక లెక్క, మించితే మరొక లెక్క అని మా కార్యాలయంలోని కుర్రవాడు ఓపికగా బోధించాడు. నా బండి ఇంజను ఒక్క లీటరుదే కనుక రెండవ భాగం వినడం మానివేశాను. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లకు మించి తిప్పరాదు. గీతలు పడితే దానికొక వెల, సొట్ట పడితే మరొక వెల. గడువు తీరిన పిమ్మట బండిని తిరిగి ఇచ్చివేయవచ్చును, లేదా మిగిలిన విలువ చెల్లించి సొంతం చేసుకొనవచ్చును. రిజిస్ట్రేషను పత్రంలో యజమాని అన్న చోట ఉన్న పేరు మాత్రం నాది కాదు.

తెలుగులో మనకు 'కౌలు' అన్న మంచి మాట ఉన్నది. అరబ్బీలో దానికి మూలమైన 'కౌల్' అంటే మాట, ఇచ్చిన మాట. భూమిని కౌలుకిచ్చినవాడు నిజానికి ఇచ్చింది మాటే. మన్ను తనదిగానే ఉంచుకొన్నాడు. అయినా కారును కౌలుకు తెచ్చుకొన్నానని చెబితే మా ఇంట్లోనే నవ్వినారు. కౌలు అంటే నాగలి, గట్టు, కోతలనాడు రైతు వాకిట్లో యజమాని మనిషి. ఆ మాటకు పెట్రోలు పడదు. చివరకు అందరివలె లీజు అనే అంటున్నాను.

ఇటువంటి కార్లను ఇంగ్లీషువారు 'హాట్ హ్యాచ్‌బ్యాక్' అంటారు. వెనుక తలుపు పైకి తెరచుకొనే పొట్టి కుటుంబపు కారును తీసుకొని, దాని మర్యాదకు మించిన ఇంజనును అందులో బిగించడం ఈ జాతి లక్షణం. చూపుకు సంసారి, పరుగుకు ఆకతాయి. ఈ పేరును అనువదించాలని కొన్నాళ్ళు ప్రయత్నించాను. హిందీలో 'గరమ్ గాడీ' అని మెకానిక్కుతో అంటే అతడు మారుమాటాడక రేడియేటరు మూత తీయబోతాడు. తెలుగులో 'వేడి కారు' అంటే ఎండలో నిలిపి మరచిపోయినదనుకొంటారు. మా తాత ఎద్దులసంతనుండి వచ్చి చెప్పే మాటలలో 'కోడె' అన్నది దీనికి అన్నిటికంటె దగ్గర. కాడి కట్టవచ్చును, బండి లాగుతుంది, పిల్లలు కూడా ఎక్కుతారు. కాని గిట్టలలో ఒక చాంచల్యం ఉంటుంది, పగ్గం పట్టినవాని చేతికి అది తెలుస్తూనే ఉంటుంది. కోడెకారు అని నిఘంటువులలోనికి ఎక్కించే అధికారం నాకు లేదు గాని, ఇంట్లో అలాగే పిలుచుకొంటున్నాము.

ఈ జాతికి పేరు తెచ్చినది ఫోక్స్‌వ్యాగన్ వారి గోల్ఫ్ జీటీఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో చూపి 1976లో అమ్మకానికి పెట్టినారు. 5,000 బండ్లు అమ్ముడుపోతే చాలుననుకొన్నారట. ఆ మొదటి తరపు బండే నాలుగు లక్షలకు పైగా పోయింది. 1.6 లీటర్ల ఇంజను, 110 అశ్వశక్తి. మన దేశంలో ఈ వంగడం ఆలస్యంగా మొలకెత్తింది, మొలకెత్తినదీ నిలువలేదు. 2015లో ఫియట్ వారి అబార్త్ పుంటో, 2016లో పోలో జీటీఐ, 2017లో బాలెనో ఆర్‌ఎస్, ఒకదాని వెనుక ఒకటి వచ్చి కొద్దికాలంలోనే తెరమరుగైనవి. 2021లో ఈ ఎన్ లైన్ వచ్చింది, 2024లో టాటావారి ఆల్ట్రోజ్ రేసర్. 2025లో అసలు గోల్ఫ్ జీటీఐనే కొద్దిసంఖ్యలో దిగుమతి చేసి, అరకోటికి పైబడిన ధరకు అమ్మినారు. మన కథలో దానికి చోటు లేదు. నా బండిది ఒక లీటరు, మూడు సిలిండర్లు, టర్బో సహాయంతో 120 అశ్వశక్తి. ఇది అసలైన కోడె కాదు, కొమ్ములకు రంగు పూసిన గిత్త మాత్రమే అనే శుద్ధవాదులున్నారు. వారు చెప్పేది నిజమే. కాని ఆ మాట అనేవారు ఉండేది పెద్ద రోడ్లున్న దేశాలలో. ఈ దీవులలో నాకు ఇదే ఎక్కువ.

దీవులు అంటే అండమాను దీవులు. నేను ఉండే ఊరిని 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అనేవారు; ఇప్పుడది శ్రీవిజయపురం. ఊరంతా కొండల మీద ఉన్నది. 1858లో ఇక్కడ ఖైదీల వలస పెట్టిన తరువాత ఆ ఖైదీల చేతనే అడవి కొట్టించి, కొండవాలున దారులు తీయించినారు. దారి ఎటు తిప్పితే తక్కువ రాళ్ళు పగలగొట్టవలసి వస్తుందో అటే తిప్పినట్లు ఉంటుంది నేటికీ. అబర్డీన్ బజారు గడియారపు స్తంభం దగ్గరనుండి డెలానీపూర్ వైపు పోతూ ఉంటే మోటారు రెండవ గేరులోనుండి మూడవ గేరులోనికి పోవడమే ఒక సంఘటన. ఎదురుగా సిటీబస్సు, పక్కన కొబ్బరిబోండాల బండి, మలుపులో నిద్రపోతున్న కుక్క. 120 అశ్వాలలో వంద అశ్వాలు కొట్టంలోనే ఉండిపోతవి.

మరి ఎందుకు తెచ్చుకొన్నట్లు? ఈ ప్రశ్న మా ఆవిడ అడుగలేదు; ఆమె మౌనం అడిగింది. ఇక్కడ ఇనుముకు ఆయుష్షు తక్కువ, ఉప్పుగాలి తలుపుల అంచులను తినివేస్తుంది, కనుక నాలుగేళ్ళకు ఇచ్చివేసే బండే తెలివైన బేరమని చెప్పాను. అది నిజమే కాని కారణం మాత్రం కాదు. కారణమేమంటే, యాభై దాటిన తరువాత మనిషికి తన ఇంటిలోని వస్తువులన్నీ తనకంటె బుద్ధిమంతంగా కనిపించే రోజు ఒకటి వస్తుంది. కుర్చీ బుద్ధిమంతురాలు, బీరువా బుద్ధిమంతురాలు, పదహారేళ్ళు నడిపిన పాత కారు పరమ సాధువు. వాటి మధ్య ఒక్క వస్తువైనా కొంచెం పొగరుగా ఉంటే బాగుండునని అనిపించింది. అంతే.

ఆ పొగరు తెలిసేది ఆదివారాలు తెల్లవారుజామున. ఇక్కడ సూర్యుడు దేశమంతటికీ ఒకటే అయిన గడియారాన్ని లక్ష్యపెట్టడు. అయిదు గంటలకే వెలుతురు వస్తుంది, సాయంత్రం అయిదున్నరకు చీకటి మూస్తుంది. అయిదింటికి బయలుదేరి చిడియా టాపు దారి పడతాను. సుమారు 25 కిలోమీటర్లు. 'టాపు' అంటే హిందీలో దీవి. పేరులో ఉన్నంతగా అది దీవి కాదు, దక్షిణపు కొన. అక్కడితో దారి అయిపోతుంది. ఒక పక్క చెట్ల చీకటి, మరొక పక్క మడ అడవి, మధ్య మధ్య తళుక్కున సముద్రం. మలుపుకు ముందు గేరు దించితే ఇంజను గొంతు మారుతుంది. పొగగొట్టానికి రెండు మూతులు పెట్టి, ఆ గొంతు కావాలనే కొంచెం బొంగురుగా చేసినారు. మలుపు నడిమికి రాగానే కాలు నొక్కితే, ఒక్క రెప్పపాటు ఆలోచించి, తరువాత ఎవరో వెనుకనుండి నడుముమీద చేయివేసి నెట్టినట్లు ముందుకు పోతుంది. ఆ రెప్పపాటు ఆలోచన టర్బో గాలి నింపుకొనే వేళ. చక్రాలు నేల చెప్పేది చెప్పినట్లే స్టీరింగు చేతికి అందిస్తుంది. గతుకు చెప్పినా అందిస్తుంది. స్ప్రింగులు బిగువుగా ఉండడంచేత నేను నవ్వేచోట మా ఆవిడ నడుము పట్టుకొంటుంది. ఇదంతా జరిగేటప్పుడు వేగం ఎంతని చూస్తే గంటకు అరవై కూడ ఉండదు. వేగానికీ వేగం అనుభవానికీ సంబంధం చాలా స్వల్పమన్నది ఈ బండి నాకు చూపిన సంగతి. పెద్దరోడ్డు మీద 120లో పోతూ ఆవులించేవారిని చూశాను. ఇక్కడ 55లో గుండె గట్టిగా కొట్టుకొంటుంది.

వానాకాలం వేరు. మే నెలలో నైరుతి మేఘం దిగితే సెప్టెంబరు దాటిన తరువాత కూడ ఈశాన్యపు వాన అందుకొంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. దారిమీద పాకుడు పడుతుంది. అప్పుడు కోడె తలవంచుకొని నడుస్తుంది.

సిప్పీఘాట్ వైపు పోతే మాత్రం ఏ ఋతువులోనైనా కాలు దానంతటదే వెనుకకు వస్తుంది. 2004 డిసెంబరు 26నాటి భూకంపంలో ఇక్కడి నేల సుమారు ఒక మీటరు కుంగింది. అంతవరకు వరిమళ్ళుగా, కొబ్బరితోటలుగా ఉన్నదానిలోనికి సముద్రపునీరు వచ్చి, తిరిగి పోలేదు. ఆటుపోటులను బట్టి మోడులు తేలుతూ మునుగుతూ ఉంటవి. పత్రంలో అది ఇప్పటికీ ఎవరిదో పొలమే.

మా పొరుగున ఒక పెద్దాయన ఉన్నారు. ఖైదీల వంశంవారు, ఇక్కడ అటువంటివారిని 'లోకల్ బార్న్' అంటారు. ఆయన మాట్లాడేది ఈ దీవుల హిందీ. బెంగాలీ, తమిళుడు, తెలుగువాడు, మలయాళీ, రాంచీవాడు, నికోబారీ అందరూ కలిసి నూటయాభై ఏళ్ళలో మలచుకొన్న భాష; లింగభేదాల విషయంలో అది ఎవరినీ ఎక్కువగా బాధించదు. 2011 జనాభా లెక్కలలో ఇక్కడి 3,80,581 మందిలో తెలుగు మాతృభాష అన్నవారు సుమారు 13 శాతం, అయినా బజారులో మనమూ ఆ హిందీయే మాట్లాడుతాము. ఆ పెద్దాయన నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "కిత్నే మే లియా?" అన్నారు. కొనలేదనీ, లీజుకు తెచ్చుకొన్నాననీ చెప్పాను. ఆయన ఆశ్చర్యపడతారనుకొన్నాను. పడలేదు. "తో క్యా హువా, యహా తో జమీన్ భీ సర్కార్ కీ హై" అన్నారు. దానికేముంది, ఇక్కడ నేల కూడ సర్కారుదే గదా అని.

అది ఊరికే అన్నమాట కాదు. 1966 నాటి భూమిశిస్తు, భూసంస్కరణల రెగ్యులేషను 38వ విభాగం ఈ దీవులలోని భూములన్నీ సర్వహక్కులతో ప్రభుత్వానివేనని చెబుతుంది. మనిషికి మిగిలేది ప్రభుత్వం ఇచ్చిన అనుభవహక్కు, గ్రాంటు, లైసెన్సు. దీని వేరు ఇంకా లోతున ఉన్నది. ఖైదీలలో మంచి నడవడి కలవారికి టికెట్టు ఇచ్చి, 'సెల్ఫ్ సపోర్టరు' అని పేరు పెట్టి, దున్నుకొనడానికి నేల ఇచ్చేవారు. వాడు ఇల్లు కట్టుకొనవచ్చును, ఆవును పెంచుకొనవచ్చును, పెళ్ళి చేసుకొనవచ్చును. నేల వానిది కాదు, వాడూ వాని సొత్తు కాడు. ఆ పెద్దాయన ముత్తాత అటువంటి పట్టేదారు. కనుకనే నా 48 నెలల సంగతి విని ఆయనకు ఏమీ అనిపించలేదు. నాకు అనిపించింది. పట్టా అనే మాటకు తెలుగు అర్థమే సహజమనీ, హిందీ అర్థం న్యాయవాదులు కల్పించినదనీ అంతవరకు నా మనసులో ఒక మూల ఉండేది.

అనువాదకుడు కూడ పట్టేదారే అని ఇక్కడ ఒక వాక్యం వ్రాయవచ్చును. వ్రాయను. పుస్తకానికి కిలోమీటర్ల పరిమితి లేదు.

ఇంతవరకు చెప్పినది చిడియా టాపు వైపు, అంటే దక్షిణాన. ఉత్తరానికి పోయే దారి సంగతి వేరు. దానిని గురించి వ్రాయవలెననే ఇదంతా మొదలుపెట్టాను కాబోలు, ఇంతసేపు చుట్టుదారిన పోతున్నాను.

అండమాన్ ట్రంక్ రోడ్డు శ్రీవిజయపురంలో బయలుదేరి, దక్షిణ, మధ్య, ఉత్తర అండమానులు దాటి దిగ్లీపూర్ వరకు పోతుంది. ఇప్పుడది జాతీయ రహదారి. ఫెరార్‌గంజ్ దాటిన తరువాత జిర్కాటాంగ్ వద్ద ఒక గేటు. అక్కడినుండి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్లు జారవాల అడవి. వారు ఎన్ని వేల ఏళ్ళుగా అక్కడ ఉన్నారో లెక్కపెట్టడం పండితులకే కష్టం. ఈ రోడ్డు వయస్సు నా వయస్సంత. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ రెగ్యులేషను ప్రకారం అది వారికి విడిచిన నేల. 1997–98 వరకు వారు బయటివారిని బాణాలతోనే పలకరించేవారు. ఆ తరువాత తామే అడవి వెలుపలికి రాసాగినారు. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. 2011 జనాభా లెక్కలలో వారి సంఖ్య 380. మా వీధిలో ఉన్నవారు అంతకంటె ఎక్కువ.

2002 మే 7న సుప్రీంకోర్టు ఆ అడవిలోని రోడ్డు భాగాన్ని మూసివేయవలసిందని ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012లో, దారిపక్కన జారవా స్త్రీల చేత తిండి ఆశచూపి నాట్యం చేయించిన చిత్రం ప్రపంచమంతా చూచిన తరువాత కట్టుబాట్లు బిగించినారు. యాత్రికులకోసం బారాటాంగ్‌కు సముద్రమార్గం కూడ 2017లో తెరచినారు. బస్సులు, లారీలు, కార్లు మాత్రం నేటికీ బారులు తీరి, ముందొక పోలీసు బండి, వెనుకనొక పోలీసు బండి నడుమ, ఆ అడవిలోనుండే పోతున్నవి.

ఆ దారి వేసినవారిలో మా నాన్న ఒకడు.

కళింగపట్నం దగ్గరి పల్లెనుండి ఓడ ఎక్కి ఆయన ఈ దీవులకు వచ్చినాడు. మావాళ్ళు చాలామంది జంగ్లీఘాట్‌లో దిగి వలలు పట్టుకొన్నారు. ఆయనకు సముద్రం పడలేదు. రోడ్డుపనిలో కూలిగా చేరి, 1970లలో మేస్త్రీ అయినాడు. అడవిలో గుడారాలు, చుట్టూ బుష్ పోలీసు కాపలా, చీకటిపడితే కుక్కల అరుపులు. అరుపు ఆగిపోతే భయపడవలెననేవాడు. ఆయనతో పనిచేసినవారిలో ఒకరికి తొడలో బాణం దిగింది. ఆ బాణపుములికి ఎంత నున్నగా సానపెట్టి ఉండేదో ఆయన చేతితో గాలిలో చూపేవాడు; చూపేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉండేది కాదు, పనివానికి పనివానిమీద ఉండే గౌరవం ఉండేది. ఆ రోడ్డు జీతంతో నేను ఎం.ఏ. చదివాను.

2002లో ఆ తీర్పులోని భాగాలను హిందీలోనికి మార్చి నలుగురు మిత్రులకు చదివి వినిపించాను. రోడ్డు మూయవలసిందే అన్నది నా పక్షం. ఇప్పటికీ అదే నా పక్షం. నాన్న గుమ్మంలో కూర్చుండి విన్నాడు. ఆయనకు తెలుగులో చెప్పవలసి వచ్చింది. అంతా విని, "మూసేత్తే మూసియ్యనీ. ఆల అడివి ఆలది. కాని ఏసినోల్నీ ఓ మాట అడగాల గదా?" అన్నాడు. తరువాత కొంతసేపటికి, "ఎయ్యమన్నోల్ని మరీ అడగాల" అన్నాడు. ఆయన పోయి చాలాకాలమైనది. ఈ రెండు వాక్యాలకు సరియైన హిందీ ఇంతవరకు నాకు దొరకలేదు. 'పూఛ్‌నా' అంటే సరిపోదు. తెలుగులో అడగడం అంటే ప్రశ్నించడమూ అవును, అనుమతి కోరడమూ అవును, నిలదీయడమూ అవును. ఆయన ఆ మూడింటిలో ఏది ఉద్దేశించినాడో నేను అడుగలేదు.

మా అప్ప రంగత్‌లో ఉంటుంది. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాము. బావ పోయినాడు, వక్కతోట, రెండు ఆవులు, ఒక కన్నులో శుక్లం. ఆ కన్నుకు శస్త్రచికిత్స చేయించడానికి నగరానికి తీసుకొని రావలసి వచ్చింది. ఓడమీద రమ్మన్నాను. రంగత్ ఓడ రోజూ ఉండదు, ఉన్ననాడు టిక్కెట్టు దొరకదు, దొరికినా ఆమెకు వాంతులు. బస్సులో రమ్మందామంటే ఒంటికన్నుతో, ఒంటరిగా, తెల్లవారుజామున క్యూలో. "నీకు కొత్త బండొచ్చిందంట గదరా" అన్నది ఫోనులో. అంతకుమించి ఏమీ అనలేదు.

మూయవలసిందని నేను నమ్మిన దారిన, అరవడానికే పుట్టిన బండిని తోలుకొని పోవడమా? నేను పోకపోతే ఆ వరుసలో ఒక బండి తగ్గుతుంది. బస్సులో ఆమె వస్తే అదే దారిన వస్తుంది. న్యాయం ఎటు తిప్పినా కొంచెం లేకిగా కనిపించింది. రెండు రాత్రులు ఆలోచించి, మూడవనాడు తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాను.

జిర్కాటాంగ్ వద్ద చీకట్లో వరుస. కాగితం మీద బండి నంబరు, ఎక్కినవారి పేర్లు వ్రాసి ఇవ్వవలెను. యజమాని ఎవరని అక్కడ అడుగరు. ఆపరాదు, ముందున్న బండిని దాటరాదు, ఫొటో తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు, గంటకు 40 కిలోమీటర్లు మించరాదు అని పెద్ద బోర్డు. టీదుకాణం ముందు ఒక కుర్రవాడు నా బండి పొగగొట్టాలు చూచి, "అంకల్, ఏక్ బార్ రేస్ దో నా" అన్నాడు. లోపల గేటు దాటిన తరువాత ఇస్తానేమోనని భయపడినవానివలె కాబోలు, నేను తల అడ్డంగా గట్టిగా ఊపాను. ఆరింటికి గేటు తీసినారు.

మూడవ గేరులో, కాలు ఆనీ ఆనకుండా, గంటకు పైగా. ముందు సిమెంటు లారీ, వెనుక బస్సు. ఆ వేగంలో ఈ ఇంజను పెద్దగా గొంతు విప్పదు. అద్దాలు దించితే అడవి శబ్దమే ఎక్కువ. దించలేదు. ఆ అడవి అందాన్ని వర్ణించడానికి నాకు మాటలు కరవు కావు, కాని ఒకరి ఇంటి నడవలోనుండి పోతూ గోడమీది బొమ్మలను మెచ్చుకొన్నట్లు ఉంటుంది. దారిని మాత్రం చూచినాను. ఎక్కడ వంపు తీసినారు, ఎక్కడ వాననీటికి తూము పెట్టినారు, ఎక్కడ కొండ అంచును ఎంత ఏటవాలుగా చెక్కినారు. ఇదివరకు బస్సులో ఈ దారిన పోయినప్పుడు నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ బిగువు స్ప్రింగుల పుణ్యమా అని ప్రతి అతుకూ వెన్నుకు తెలిసింది. రోడ్డు ఎన్నిసార్లు కొత్తగా వేసినా వంపులు పాతవే. ఒక మలుపు లోపలివైపుకు ఎంత చక్కగా వాలి ఉన్నదంటే, చిడియా టాపు దారిలో అటువంటిది దొరికితే నేను రెండుసార్లు పోయి వచ్చేవాణ్ణి. దానిని 38లో దాటాను.

పోయేటప్పుడు ఎవరూ కనిపించలేదు. వచ్చేటప్పుడు దారిపక్కన ఇద్దరు పిల్లలు కనిపించినారు; వారు మమ్ములను చూచినారో లేదో తెలియదు, మేము చూడకుండా ఉండలేకపోయాము. అంతకంటె వ్రాయను.

మిడిల్ స్ట్రెయిట్‌లో కారును పంటుమీదికి ఎక్కించడం ఒక విద్య. ముందుభాగం పల్లంగా ఉన్న బండి కనుక ర్యాంపు అంచు తగులుతుందేమోనని పంటువాడు తానే కూర్చుండి చూచి చేయి ఊపినాడు. తగులలేదు. అక్కడినుండి బారాటాంగ్, కదంతలా, రంగత్. మొత్తం 170 కిలోమీటర్ల దారికి మధ్యాహ్నం అయింది. నా బండికంటె ముందు బయలుదేరిన కూరగాయల జీపు నాకంటె ముందే చేరింది.

అప్ప వాకిట్లో నిలబడి, బాగున్న కన్నుతో కారును, బాగులేని కన్నుతో నన్ను చూచింది. బండికి చేయి వేసి, "ఏటిరా తమ్ముడూ, ఇంత ఎర్రగున్నాది? మనదేనా?" అన్నది.

"నాలుగేళ్ళకు మనది" అన్నాను.

"తరవాత?"

"ఇచ్చెయ్యొచ్చు."

ఆమె కొంచెం ఆలోచించింది. లోపలికి పోయి ఒక గోనెసంచీ ఈడ్చుకొని వచ్చింది. నెత్తళ్ళు, సావళ్ళు, ఎండబెట్టినవి. మా ఆవిడకనీ, పెద్దాయనకనీ, ఆసుపత్రిలో నర్సమ్మకనీ. వెనుక తలుపు పైకి ఎత్తి చూపమన్నది. ఆ తలుపు ఎత్తడానికి వీలుగా ఉండడమే ఈ జాతి కార్ల మొదటి గుణమని చెప్పాను గదా. కొత్త బండి, వాసన పడితే నాలుగేళ్ళు పోదు, కవరులో గట్టిగా కట్టుదామన్నాను.

"ఇచ్చేసే బండికి వాసనేటిరా? ఆలకే పోతాది గదా!" అని సంచీ లోపలికి నెట్టి, తలుపు తానే దించింది.

కన్ను బాగైనది. ఇప్పుడామె రెండు కళ్ళతోను చూచి, బండి ఎరుపు తాను అనుకొన్నంత ఎరుపు కాదన్నది. లీజు ఒప్పందంలో బండి తిరిగి ఇచ్చేనాటి తనిఖీ పట్టిక ఒకటి అనుబంధంగా ఉన్నది. మొన్న తీరికగా కూర్చుండి దానిని తెలుగు చేసి చూచాను. గీత, సొట్ట, చిరుగు, మరక, పగులు, అన్నిటికీ పద్దులున్నవి. ఎండుచేపల వాసనకు లేదు.